తమ్ముణ్ని గదిలో పెట్టి గడియ వెయ్యకు

చిన్నీ,

తమ్ముడు ఆ నొప్పి మాత్రలు, అదే ఆ నల్లమందు జాతి (ఓపియాయిడ్) మాత్రలు, మానేస్తానన్నాడని, నువ్వు సెలవు పెట్టి వాణ్ని ఇంట్లోనే ఉంచి మాన్పిస్తావని మీ అమ్మ చెప్పింది. వాడు నీ దగ్గర నోరు విప్పాడంటే నువ్వెంత ప్రేమగా అడిగి ఉంటావో నాకు తెలుసు, చాలా గర్వంగా ఉంది తల్లీ. కానీ ఆ రెండో మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇంట్లో పెట్టి మాన్పించడం వద్దు. ముందు డాక్టరుకి చూపించు.

మీ చిన్న మామయ్య గుండె ఆగి పోయాడని పిల్లలందరికీ చెప్పాం. ఎందుకు ఆగిందో చెప్పలేదు. వెన్ను ఆపరేషన్ తర్వాత రాసిన మాత్రలతో మొదలైంది. నొప్పి తగ్గినా మాత్ర తగ్గలేదు, ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి. మీ తాతయ్య పట్టుదల తెలుసుగా, ఆమాత్రం నిగ్రహం లేదా అని వాణ్ని గదిలో పెట్టి బయట గడియ వేయించారు. ముందు ఆవలింతలు, తర్వాత ముక్కూ కళ్లూ ఆగకుండా కారడం, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, వాంతులు, విరేచనాలు, రాత్రంతా కాళ్లు మంచానికేసి కొట్టుకోవడం. కొన్నాళ్లకి తేరుకున్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లోకి వచ్చి కూర్చుంటే గండం గడిచిందనుకున్నారు అందరూ. అసలు గండం అప్పుడే మొదలైందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ మందులు నొప్పినే కాదు, మెదడులో ఊపిరిని నడిపించే చోటుని కూడా అణుస్తాయి. రోజూ వేసుకునేవాళ్ల ఒళ్లు దానికి అలవాటుపడి ఇంకా ఎక్కువ కావాలంటుంది. మానేస్తే ఆ తట్టుకునే శక్తి కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది, కోరిక మాత్రం నెలల తరబడి పోదు. మామయ్య ఒక రాత్రి నిద్ర పట్టక పాత లెక్కలోనే వేసుకున్నాడు. అంతకుముందు రోజూ తట్టుకున్న డోసే అది. గురక వినిపిస్తే, పోనీలే ఇన్నాళ్లకి పడుకున్నాడని మీ అమ్మమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చింది. అది గురక కాదు చిన్నీ, ఊపిరి అందక గొంతులో వచ్చే చప్పుడు.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. డాక్టరు బుప్రెనార్ఫినో మెథడోనో ఇస్తానంటే, ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడతారా అని వాదించకు. అవి కోరికనీ, ఆ ఒళ్లు పీకుడునీ అదుపులో ఉంచుతాయి, మనిషి మామూలుగా పనికి వెళ్లి రాగలుగుతాడు, చావు ముప్పు బాగా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. నెలలు, కొందరికి ఏళ్లు వాడాల్సి రావచ్చు. బాగున్నాడు కదా అని మీ అంతట మీరు ఆపెయ్యొద్దు. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడో డాక్టరుకి నిజం చెప్పమను, ఎందుకంటే పాత మందు ఇంకా పనిచేస్తుండగానే బుప్రెనార్ఫిన్ పడితే ఆ బాధంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

మద్యం, నిద్రమాత్రలు దరిదాపుల్లో ఉండకూడదు.

నలాక్సోన్ అని, ఈ మాత్రలు ఎక్కువై ఊపిరి ఆగబోతే వాటి ప్రభావాన్ని తిప్పికొట్టే మందు ఉంది. దాని గురించి డాక్టర్ని అడిగి ఇంట్లో ఉంచుకో. ముక్కులో కొట్టే స్ప్రే ఉంటుంది, ఇంజెక్షన్ ఉంటుంది. ఎంత కుదిపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా, కంటిపాప సూదిమొనంత అయినా ఆలోచిస్తూ కూర్చోకు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి నలాక్సోన్ ఇచ్చి, ఊపిరి ఆడుతుంటే ఓ పక్కకి తిప్పి పడుకోబెట్టు. లేచి కూర్చుని బాగానే ఉన్నా అన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, నలాక్సోన్ 30 నుంచి 90 నిమిషాలే పనిచేస్తుంది, లోపలి మందు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు.

ఇంకోటి, నీ కోపం నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా. వాడు మళ్లీ జారితే అరవకు. అరిస్తే చెప్పడం మానేస్తాడు, చాటుగా ఒక్కడే వేసుకుంటాడు, ఒక్కడే ఉన్నప్పుడు ఊపిరి ఆగితే చూసేవాళ్లుండరు. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, అంతే.

పెట్టిన సెలవు అలాగే ఉంచు, మొదటి రోజుల్లో వాడి పక్కన నువ్వు ఉండాలి. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, రోజు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. మీ నాన్న పరువూ అదీ అంటూ మొదలుపెడితే ఫోన్ నాకివ్వు, నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ