సమాధానం: హాస్టల్లో తమ్ముడితో సీనియర్లు రికార్డులు రాయిస్తున్నారు, ఏం చేయాలి?

అక్కా, రాత్రి పదకొండు దాటాక రూముకి పిలిచి రికార్డులు రాయించడం కూడా ర్యాగింగే. కొడితేనే ర్యాగింగ్ అనుకుంటారు చాలామంది. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిబంధనల్లో సీనియర్లు తమ చదువు పని జూనియర్లతో చేయించుకోవడం గురించి విడిగా రాసి ఉంది.

మీవాడు "చెబితే ఇంకా ఏడిపిస్తారు" అని భయపడుతున్నాడన్నారు కదా. మా అబ్బాయీ అంతే. సెలవుకొచ్చినప్పుడు వేలి మీద పెన్ను పట్టుకున్న చోట కాయ కాసి ఉంటే అడిగాం, అప్పుడు గానీ నోరు విప్పలేదు. వార్డెన్‌కి ఫోన్ చేస్తే "పిల్లలన్నాక మామూలేనండీ" అన్నాడు. ఫోన్‌లో చెప్పింది గాల్లో కలిసిపోతుంది, నన్నడిగితే అది టైమ్ వేస్ట్.

అందుకే ముందు తేదీలు, టైము, రూము నంబరు తమ్ముడితో ఒక కాగితం మీద రాయించండి. పిలుస్తూ వచ్చిన వాట్సాప్ మెసేజీలు డిలీట్ చేయొద్దనండి, స్క్రీన్‌షాట్లు మీ ఫోన్‌కి తెప్పించుకోండి. తర్వాత ప్రిన్సిపాల్‌కి, కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి మెయిల్ పెట్టండి. పేరు బయటికి రాకూడదనుకుంటే 1800-180-5522కి చేయండి. అది యూజీసీ హెల్ప్‌లైన్, 24 గంటలూ పనిచేస్తుంది, పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు.

కాలేజీ నాన్చితే మెయిల్‌లో 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం మాట ఎత్తండి. మన రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. ఫిర్యాదు అందాక కూడా చర్య తీసుకోకపోతే కాలేజీ పెద్దలూ నేరానికి సహకరించినట్టే లెక్క. మాకు ఆ ఒక్క లైనుతోనే మర్నాడు ఫోనొచ్చింది.

ఈ లోగా రూము మార్పించమని అడగండి. మెయిల్ రాయడం కష్టమనిపిస్తే ఇక్కడే చెప్పండి, నేను రాసిస్తాను.