నెలకు రెండు ఆదివారాలే తీసే స్పోర్ట్స్ కారుకు ఇంటి దగ్గర ఏ పనులు చేసుకోవచ్చు?

గుంటూరులో ఉంటూ 2010 మోడల్ పోర్షే బాక్‌స్టర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారని, నెలకు రెండు ఆదివారాలే బయటికి తీస్తున్నందున సర్వీసింగ్ వాయిదా వేయవచ్చా, ఇంటి దగ్గర ఏయే పనులు చేసుకోవచ్చు అని అడిగారు. విజయవాడలో అదే తరం కారును కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, వాయిదా వేయకండి. మన ఎండకూ ఉక్కకూ నడిచే కారూ నిలిపి ఉంచిన కారూ ఒకటే. బ్రేక్ ఆయిల్, కూలెంట్, రబ్బరు, బ్యాటరీ కాలంతో పాటు పాడవుతూనే ఉంటాయి గనుక మీటరులోని కిలోమీటర్ల కన్నా తేదీలనే ఎక్కువగా పట్టించుకోవాలి.

సొంతంగా చేసుకునే పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది రేడియేటర్ల శుభ్రత. ఇంజన్ సీట్ల వెనక ఉన్నా, రేడియేటర్లు మాత్రం ముందు బంపరుకు కుడి ఎడమల ఉన్న గాలి మార్గాల్లో ఉంటాయి, వాటికి ముందు ఏసీ కండెన్సర్లు ఉంటాయి. బంపరు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి రోడ్డు మీది చెత్త అక్కడికే చేరుతుంది. టార్చి వేసి చూడండి: వేపాకులు, కాగితం ముక్కలు, పురుగులు, దుమ్ము కలిసి తడికి అట్టకట్టి కనిపిస్తాయి. ఆ తడి చెత్త కండెన్సర్ అల్యూమినియాన్ని నెమ్మదిగా తినేస్తుంది. మే నెలలో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం తగ్గగానే గ్యాస్ పట్టించడానికి పరుగెత్తేవారు ముందుగా చూడవలసిన చోటు ఇదే. సన్నటి మూతి ఉన్న వాక్యూమ్ క్లీనరుతో, మెత్తటి బ్రష్షుతో నిదానంగా తీయండి. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ గన్‌ను నేరుగా అక్కడ పెట్టనివ్వకండి, సన్నటి రేకులు వంగిపోయి గాలి ఆడదు.

రోహిణి కార్తె ముగిసేలోపు చేయవలసిన పని మరొకటి ఉంది. మడిచే టాపు మీద పడిన వాన నీరు రెండు పక్కలా ఉన్న సన్నటి గొట్టాల గుండా కిందికి పోతుంది. ఆకులతో అవి మూసుకుపోతే నీరు లోపలికి దిగి, సీటు కింద ఉన్న కంట్రోల్ యూనిట్ తడుస్తుంది, అప్పుడు కారు తాళాన్నే గుర్తించకపోవచ్చు. టాపును సగం తెరిచి, గ్లాసుడు నీళ్లు నిదానంగా పోసి, అవి వెనక చక్రాల దగ్గర కింద కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే మెత్తటి ప్లాస్టిక్ తీగతో శుభ్రం చేయండి. ఇనుప తీగ పెడితే గొట్టం చిరిగే ప్రమాదం ఉంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ చేరాక అది 155 దాకా పడిపోవచ్చు. కాబట్టి ఎంత తక్కువ నడిపినా 2 సంవత్సరాలకు ఒకసారి మార్చాలి. మార్చేటప్పుడు బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయడానికి (ఎయిర్ తీయడం) ఇద్దరు మనుషులు కావాలి. తెలిసినవారి పక్కన నిలబడి చూడకుండా ఈ పనిని ఒంటరిగా మొదలుపెట్టవద్దని నా అభిప్రాయం. కూలెంట్ తగ్గితే మాన్యువల్‌లో చెప్పిన రకాన్నే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి, ఇంజన్ పూర్తిగా చల్లారాక పోయండి. బోరు నీళ్లు పోస్తే లోపల గార పడుతుంది.

ఎత్తు తక్కువ కావడం వల్ల మామూలు ట్రాలీ జాకీ కిందికి దూరదు. ఆటోనగర్‌లో రెండు మందపాటి చెక్క పలకలు కోయించుకుని చక్రాలను వాటి మీదికి ఎక్కించాక జాకీ పెట్టండి, అదీ కంపెనీ గుర్తించిన చోటే. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి తల పెట్టకండి, స్టాండ్లు తప్పనిసరి. చక్రాల బోల్టులను 130 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో (బిగింపును కొలిచి చూపే పానాతో) బిగించాలి, పంక్చర్ షాపు ఎయిర్ గన్‌తో కాదు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. ఉదాహరణకు 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల కనిపించకపోయినా ఆరేళ్లు దాటిన టైర్లతో హైవే మీద వేగంగా వెళ్లకండి.

బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకోవడానికి కరెంటు కావాలి. అందుకే కారు నిలిపినప్పుడు మెయింటెనెన్స్ చార్జరు (బ్యాటరీ చార్జి తగ్గకుండా చూసే చిన్న చార్జరు) తగిలించి ఉంచడం మేలు. అయినా చార్జి పూర్తిగా అయిపోతే ఫ్యూజ్ బాక్సులోని ప్లస్ టెర్మినల్‌కు బయటి నుంచి కరెంటు ఇచ్చి తెరవవచ్చు.

ఎయిర్‌బ్యాగులు, సస్పెన్షన్ స్ప్రింగులు, ఏసీ గ్యాస్, ఎస్ మోడల్ అయితే హై ప్రెషర్ ఇంధన పైపులు మాత్రం ముట్టుకోకండి. అందరూ భయపెట్టే ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్) 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో లేదు, దాని గురించి బెంగ అక్కర్లేదు.

మీది సెల్లార్ పార్కింగ్ అయితే ఇంకొక్క మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడలో ఎన్ని వాహనాలు నీట మునిగాయో చూశాం. భారీ వాన హెచ్చరిక వస్తే కారును ముందే మెరక ప్రదేశానికి చేర్చండి. నీరు ఒకవేళ కారు ఫ్లోరు దాకా వచ్చి ఉంటే స్టార్ట్ చేయడం కాదు కదా, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకుండా ట్రక్కు మీదికి ఎక్కించి వర్క్‌షాపుకు పంపండి.