మఖలో పుట్టాలా, పుబ్బలో పుట్టాలా?

సందేహం: మా అబ్బాయి ఒక్క నెల కరాటే క్లాసుకు వెళ్లి మానేశాడు. మా అత్తయ్య గారు నవ్వి, ‘మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టయింది వీడి సరదా’ అన్నారు. పేపర్లో మాత్రం ‘పుబ్బలో పుట్టి మఖలో మాడిన పార్టీలు’ అని చదివాను. ఏది సరి? పుబ్బ అనే నక్షత్రం అసలు ఉందా? పిల్లల పుస్తకంలో ఆ పేరు లేదు. పైగా అందులో ‘మఘ’ అని ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ అత్తయ్య గారి మాటే సరైనది. ఇంట్లో క్యాలెండర్ ఉంటే ఆగస్టు పేజీ తీసి చూడండి. 17వ తేదీ దగ్గర మఖ కార్తె మొదలవుతుంది. నెల చివర, 30 లేదా 31 దగ్గర పుబ్బ కార్తె వస్తుంది. ముందు మఖ, వెంటనే పుబ్బ.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటాం. 27 నక్షత్రాలను చుట్టి రావడానికి ఆయనకు ఏడాది పడుతుంది కాబట్టి ఒక్కో కార్తె 13, 14 రోజులు ఉంటుంది. ఉగాది ఏటా తేదీ మారుతుంది గానీ, కార్తెలు సూర్యుణ్ని బట్టి వచ్చేవి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తాయి. మఖలో పుట్టినది పుబ్బలో పోయిందంటే నెల రోజులు కూడా నిండుగా నిలవలేదని అర్థం. సామెత చెప్పదలచుకున్నదీ అదే. దాన్ని తిరగేసి చూడండి: పుబ్బలో పుట్టినది మళ్లీ మఖ వచ్చేదాకా ఉందంటే దాదాపు 350 రోజులు బతికినట్టు! అల్పాయుష్షు అనే అర్థమే పోయింది.

‘కార్తె కాదు, రోజూ పంచాంగంలో చెప్పే నక్షత్రం అనుకోవచ్చుగా’ అని ఎవరైనా అడగవచ్చు. అది చంద్రుడుండే నక్షత్రం, సుమారు రోజుకొకటి మారుతుంది. అలా చూసినా ఇవాళ మఖ అయితే రేపు పుబ్బ. పుట్టిన మర్నాడే పోయిందన్నమాట, అర్థం ఇంకా పదునెక్కుతుంది. తిరగేస్తే అక్కడా 26 రోజులు ఆగాలి. ఎటు లెక్కవేసినా మఖే ముందు.

మరి ఇంతమంది నోట అది ఎందుకు తిరగబడింది? నా ఉద్దేశంలో దీనికి కారణం మన చెవి. ‘పుబ్బలో పుట్టి, మఖలో మాడి’ అనండి. పు పక్కన పు, మ పక్కన మా. ఎంత హాయిగా ఉంది! కార్తెల సామెతల్లో చాలావాటికి ఈ అలవాటు ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయి. భరణి కురిస్తే ధరణి పండుతుంది. కార్తె పేరు వినగానే దానికి జోడుపలికే మాట కోసం చెవి ఎదురుచూస్తుంది. మే నెలాఖరు ఎండకు రోలు నిజంగా పగలకపోవచ్చు. రోహిణికి రోలు తోడు దొరికింది, అందుకే ఆ మాట తరాలు దాటింది. ఆ సామెతలకు ప్రాస ప్రాణం పోసింది. ఈ సామెతలో మాత్రం అదే ప్రాస వరసను చెడగొట్టింది. మాటల్లో ఎవరైనా తిరగేసి అంటే నేను దిద్దను. రాసేవాళ్లు మాత్రం, ముఖ్యంగా పత్రికలవాళ్లు, క్యాలెండర్ వరసనే పాటించాలి. అచ్చులో పడిన రూపాన్నే పిల్లలు నేర్చుకుంటారు.

ఇక పుబ్బ. పిల్లల పుస్తకంలో ‘పూర్వఫల్గుని’ అని ఉంటుంది, చూడండి. అదే ఇది. సంస్కృతంలోని ‘పూర్వ’ పాళీలో ‘పుబ్బ’. మన వాడుకలో ఫల్గుని రాలిపోయి పుబ్బ మిగిలింది. దాని జంట ఉత్తరఫల్గునిని కూడా ‘ఉత్తర’ అనే అంటున్నాం కదా! చిత్ర చిత్త అయింది. ఆర్ద్ర ఆరుద్ర అయింది. తొలకరి తర్వాత చేలగట్ల మీద ఎర్రటి మఖమల్‌లా పాకే పురుగును పిల్లలు అరచేతిలో పెట్టుకుని ఆడుకుంటారే, దాన్ని ఆరుద్ర పురుగు అంటాం. ఆర్ద్ర పురుగు అని ఎవరూ అనరు. తెలంగాణలో మృగశిరను మిరుగం అంటారు. ఆ రోజున చాలా ఇళ్లలో చేపల కూర వండుతారు, కొందరు ఇంగువ బెల్లం తింటారు. ‘మిరుగం’ అన్న పిల్లను క్లాసులో తప్పు పట్టకూడదు. ఇవన్నీ తద్భవాలు. వాటిని పాడైపోయిన మాటలని చెబితే పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల మాటనే చిన్నచూపు చూస్తారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మఘ, మఖ రెండింటిలో సంస్కృత రూపం మఘ. ఆ నక్షత్రంతో కూడిన పున్నమి వచ్చే నెల మాఘం, కాబట్టి నెల పేరులో ఘ ఉండాల్సిందే. కార్తె పేరుకు మాత్రం తెలుగులో మఖ స్థిరపడింది. మీవాడు పరీక్షలో నక్షత్రాల పేర్లు రాయాల్సి వస్తే మఘ అని రాయనివ్వండి. సామెత రాసేటప్పుడు మాత్రం నానమ్మ అన్నట్టే మఖ, పుబ్బ అని రాయమనండి.