21 ఏళ్ళ రెడ్‌బ్రెస్ట్ తెరిచే ముందు

చిన్నా,

శనివారం ఐర్లాండ్‌లో, కార్క్‌లోని మీ ఫ్లాట్‌కి మనవాళ్ళని పిలిచి రెడ్‌బ్రెస్ట్ 21 అనే ఐరిష్ విస్కీ సీసా తెరుస్తున్నావని, రుచి చూశాక ఎవరికేమనిపించిందో రాయిస్తావని అక్క ఫోన్‌లో చెప్పింది. గొంతులో దిగులు దాచుకోలేకపోయింది. మందు మా నాన్నని ఏం చేసిందో మేమిద్దరం కళ్ళారా చూశాం. నాకూ టెన్షన్‌గానే ఉంది. కానీ ఆ ఊళ్ళో ఉన్నప్పుడు నేను ఇష్టంగా నేర్చుకున్నది నీకూ అబ్బుతోందంటే, గర్వంగా లేదని ఎలా అంటాను?

ముందు కొలత. అక్కడి పబ్బుల్లో ఒక పెగ్గు 35.5 మిల్లీలీటర్లు. నువ్వు అందులో సగమే పొయ్యి. ఇందులో ఆల్కహాల్ 46 శాతం, సగం చాలు. ఖాళీ కడుపుతో ఎవర్నీ కూర్చోనివ్వకు. అలాగని ఆవకాయ పెట్టావంటే నాలుక మండిపోయి ఏ రుచీ తెలియదు. పెరుగన్నం పెట్టు. ఐస్ వద్దు.

21 అంటే సీసాలో కలిపిన విస్కీల్లో అన్నిటికంటే చిన్నదాని వయసు. సీసాలోకి దిగాక అది పెరగదు. మూడేళ్ళు చెక్కపీపాలో ఉంటేనే చట్టం దాన్ని ఐరిష్ విస్కీ అంటుంది. ఇది 21 ఏళ్ళూ బర్బన్ (అమెరికా విస్కీ) పీపాల్లో, ఒలొరోసో షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాల్లో ఉన్నది. మొలకెత్తించిన బార్లీకి మొలకెత్తించని బార్లీ కలిపి, కార్క్ దగ్గరి మిడిల్టన్ ఊళ్ళో రాగి బట్టీల్లో మూడుసార్లు కాస్తారు. నోట్లో ఆ నూనెలాంటి చిక్కదనం, వెనక మిరియాల ఘాటు ఆ పచ్చి బార్లీ చలవే. వయసుకి మాత్రం ముందే దండం పెట్టకు. పీపాలో మరీ ఎక్కువకాలం ఉంటే చెక్క చేదెక్కుతుంది. 12 ఏళ్ళదే నీకు నచ్చితే అదే రాయి.

ఇక అసలు సంగతి. మా రోజుల్లో ఒకాయన ఇంట్లో ఇలాగే కూర్చున్నాం. సీసా తెరవగానే ఆయన అట్టపెట్టె మీద రాసింది గట్టిగా చదివాడు. ఎండు పళ్ళు, బాదం, మసాలాలు అంటూ. అంతే, గది నిండా అందరికీ ఎండు పళ్ళే, బాదమే. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు మాత్రం చాలాసేపు వాసన చూసి మెల్లిగా "మామిడితాండ్ర" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ పిల్లాడు గ్లాసు బల్ల మీద పెట్టేసి, మళ్ళీ నోరు విప్పలేదు. అందరూ వెళ్ళాక గ్లాసులు కడగబోతూ అతని గ్లాసు తీసుకుని వాసన చూశాను. అడుగున చుక్క మిగిలుంది. ముమ్మాటికీ మామిడితాండ్రే. ఎండలో చాప మీద పొర మీద పొర ఆరిన పులుపూ తీపీ, దాని వెనక పాత చెక్కబీరువా తలుపు తీసినప్పటి వాసన. ఆ గదిలో నిజంగా రుచి చూసింది అతనొక్కడే.

కాబట్టి పెట్టె ఎక్కడైనా దాచెయ్. తలా ఒక కాగితం ఇచ్చి, రాయడం అయ్యేదాకా ఎవర్నీ పైకి చెప్పనివ్వకు. పోశాక పది నిమిషాలు ఆగు. గ్లాసులోకి ముక్కు దూర్చొద్దు, నోరు కాస్త తెరిచి పైపైన వాసన చూడమను, లేకపోతే ఆల్కహాల్ ఘాటుకి ముక్కు మొద్దుబారుతుంది. మొదటి గుక్క నాలుక తడవడానికే, రెండోదాని గురించే రాయాలి. ఆ తర్వాత రెండు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ చూడండి, కొత్త వాసనలు లేస్తాయి. సపోటా అన్నా, బెల్లంపాకం అన్నా అలాగే రాయనివ్వు. ఎవరైనా నవ్వితే నువ్వు ఊరుకోకు.

కార్ల సంగతి మర్చిపోవద్దు నాన్నా. అక్కడ 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాముల ఆల్కహాలే హద్దు, కొత్త లైసెన్సువాళ్ళకి 20. తాగింది కొంచెమే కదా అని ఎవరన్నా వినకు. తాళాలు ముందే తీసుకుని నీ దగ్గర పెట్టుకో, ట్యాక్సీలు మాట్లాడిపెట్టు. అక్కతో నేను మాట్లాడతాను. నువ్వు ఆదివారం పొద్దున్నే దానికి ఫోన్ చెయ్, నీ గొంతు వింటే కుదుటపడుతుంది.

మామయ్య