డిక్కీలో డబ్బా తర్వాత, ముందు డోర్ల సంగతి చూడు

చిరంజీవి అల్లుడికి, విజయవాడ నుంచి మామయ్య ఆశీస్సులు.

బావగారి పాత మారుతి జెన్ కారుకి కొత్త పాటల సెట్టు పెట్టిద్దామనుకుంటున్నావనీ, గుంటూరులో ఒక దుకాణంవాడు 10 అంగుళాల స్క్రీనూ, డిక్కీలో 12 అంగుళాల ఊఫర్ (లోతైన మోతలు వినిపించే పెద్ద స్పీకర్) డబ్బా కలిపి ప్యాకేజీ చెప్పాడనీ రాశావు. అడ్వాన్సు ఇంకా ఇచ్చి ఉండకపోతే ఇవ్వకు. నీకు కావలసింది పాట నీకు బాగా వినపడటం. వాడు అమ్మేది పక్క బండివాడికి వినపడే సరుకు. ఆటోనగర్‌లో బండ్ల వైరింగ్ చేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి, నా మాట విను.

ముందు బండి గోల తగ్గించు. మంగళగిరి దాటి కాజ టోల్‌గేటు దాకా పాట పెట్టకుండా 80లో ఒకసారి నడుపు. గాలి కూత, డ్యాష్‌బోర్డు గలగల, టైర్ల హోరు అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. ఇరవై ఏళ్ల బండికి డోర్ల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు బిగుసుకుపోయి ఉంటుంది. అది మార్పించి, ఊడిన క్లిప్పులు వేయిస్తే సగం పని అయినట్టే. ఈ గోలంతా అలా ఉంచి వాల్యూమ్ పెంచుకుంటూ పోతే మిగిలేది తలనొప్పి.

తర్వాత డోర్లు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. స్పీకర్ వెనక్కి కొట్టే గాలి ముందుకొచ్చే గాలితో కలిసిపోతే బేస్, అంటే పాటలోని లోతైన మోత, చచ్చిపోతుంది. డోర్ లోపలి రేకుకి అరచెయ్యి దూరేంత కంతలుంటాయి, అందుకే మంచి స్పీకర్ పెట్టినా రేకు డబ్బా మోత మోగుతుంది. లోపల బ్యూటైల్ షీటు (రేకు అదురు ఆపే జిగురు రబ్బరు షీటు) అంటించి, ఆ కంతలు కూడా మూయించు. చవగ్గా వస్తుందని తారు షీటు మాత్రం వేయించకు. మన మే నెల ఎండకి మెత్తబడి జారుతుంది, కారంతా కంపు కొడుతుంది. డోర్ అడుగున వాన నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని షీటుతో మూసేస్తే డోర్ తుప్పు పట్టిపోతుంది. పనివాడికి ఈ మాట ముందే చెప్పు.

డోర్ లోపలి ప్యానెల్ విప్పేటప్పుడు పక్కనే నిలబడు. అద్దం తిప్పే హ్యాండిల్‌కి స్క్రూ కనపడదు, వెనకాల చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. తెలిసినవాడు పాత గుడ్డపేలిక హ్యాండిల్ వెనక దూర్చి అటూ ఇటూ లాగుతాడు, క్లిప్పు టక్కున ఊడొస్తుంది. ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి చెయ్యి అడ్డం పెట్టమను. స్క్రూడ్రైవరు పెట్టి కుళ్లగించేవాడైతే బండి వెనక్కి తీసుకొచ్చెయ్. ప్యానెల్ వెనక ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. చాలామంది దాన్ని చింపి పారేస్తారు. ఆ తర్వాత వానాకాలం నీళ్లన్నీ ప్యానెల్ అట్టకే పడతాయి, అట్ట ఉబ్బుతుంది. దాన్ని మళ్లీ అంటించమను.

స్పీకర్లు కొనేముందు కంత కొలతొక్కటే చాలదు, లోతు కూడా కొలవాలి. అద్దం పూర్తిగా కిందికి దించి కొలువు. మ్యాగ్నెట్ అద్దానికి తగిలితే ఎంత మంచి స్పీకరైనా దండగ. డబ్బు పరిమితంగా ఉంటే ముందు డోర్లలోని రెండు స్పీకర్లకే పెట్టు. ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) విడిగా వచ్చే కాంపొనెంట్ సెట్టు తీసుకుని, ట్వీటర్లు అద్దం మూల దగ్గర పెట్టించు. వెనక సీటు వెనకాల పలక మీద ఓవల్ స్పీకర్లంటావా, వెనక కూర్చునేది మీ అమ్మే కదా, ఇప్పుడున్నవి చాలు.

సెట్టు డబ్బా మీద 50 వాట్లు ఇంటు 4 అని ఉంటుంది, దాన్ని నమ్మకు. ఇంజిన్ నడుస్తుంటే బండిలో ఉండేది 14 వోల్టుల చిల్లర. దాంతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి స్పష్టంగా 20 వాట్లకు మించి పోవు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. నీ డ్యాష్‌బోర్డులో ఉన్నది సింగిల్ డిన్ గూడు, అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. దాన్ని కోసి స్క్రీను ఇరికించే పని వద్దు. బ్లూటూత్ ఉన్న మామూలు సెట్టు చాలు, మ్యాపు ఫోన్లో ఎలాగూ ఉంది.

వైర్ల దగ్గర మాత్రం నేను చాలా ఖచ్చితం. కంపెనీ కప్లర్ (వైర్లన్నీ కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) కత్తిరించనివ్వకు, దానికి సరిపోయే అడాప్టర్ కప్లర్ దొరుకుతుంది. సెట్టు వైపు పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు స్టేషన్లు మరిచిపోతుంది. రెండూ కలిపి బ్యాటరీకిస్తే నాలుగు రోజులు బండి తీయకపోతే స్టార్ట్ కాకపోవచ్చు. విడిగా ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) పెట్టిస్తే దాని పవర్ వైరుకి బ్యాటరీ నుంచి మూరెడు లోపలే ఫ్యూజు ఉండాలి. ఆ వైరు ఇంజిన్ గోడ దాటే చోట రబ్బరు బుష్షు ఉండాలి. అది లేకపోతే రేకు అంచు వైరుని కోస్తుంది, ఫ్యూజు లేకపోతే మంటే. పాట సిగ్నల్ వైరు కారుకి రెండో పక్కనుంచి తీసుకెళ్లమను, కలిపి తీసుకెళ్తే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్‌లో కీచుమంటుంది.

అన్నీ బిగించాక డబ్బులిచ్చే ముందు ఒక పరీక్ష చెయ్. ఘంటసాల కాలం నాటి పాటేదైనా పెట్టు. అవి మోనో రికార్డింగులు, రెండు పక్కలా ఒకటే శబ్దం. తల రెండు సీట్ల మధ్యకి వంచి విను. గొంతు డ్యాష్‌బోర్డు నడిమధ్య నుంచి రావాలి. ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోయి, బేస్ పల్చగా ఉంటే, ఒక స్పీకర్‌కి ప్లస్సూ మైనస్సూ తారుమారైనట్టు. ఆ ఒక్కదాని రెండు వైర్లూ మార్చమను. వాదిస్తే 1.5 వోల్టుల టార్చి సెల్లు స్పీకర్ కొసలకి ఒక్క క్షణం తాకించి చూపించు. ప్లస్సుకి ప్లస్సు తగిలితే కోను బయటికి వస్తుంది.

ఇదంతా అయ్యాక నెల రోజులు విను. అప్పటికీ బేస్ చాలదనిపిస్తే సీటు కింద పట్టే చిన్న ఊఫర్ చూద్దాం, డిక్కీ మీ అమ్మ సామాన్లకి కావాలి. విప్పిన పాత సెట్టూ, స్పీకర్లూ దుకాణంలో వదిలి రాకు, స్క్రూలతో సహా ఒక సంచిలో వేసి ఇంటికి తెచ్చుకో.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య