కార్పెట్ క్లీనింగ్ పైపులు, వాండ్ వాయిదాల మీద కొనాలా?

ప్రశ్న: తొమ్మిదేళ్లు ఒక క్లీనింగ్ సంస్థలో జీతానికి పనిచేశాను. ఆరు నెలల కిందట సొంతంగా కార్పెట్ క్లీనింగ్ మొదలుపెట్టాను. ఒక పోర్టబుల్ మెషిన్ ఉంది. దానితో వచ్చిన ఒకటిన్నర అంగుళాల హోస్ పైపు 25 అడుగులే, వాండ్ (కార్పెట్ మీద ఆనించి నీళ్లు కొట్టి లాగే చేతి గొట్టం) కూడా మామూలుది. ఇప్పుడు 100 అడుగుల రెండంగుళాల పైపు, ఆరు జెట్ల (నీరు చిమ్మే ముక్కుల) టైటానియం వాండ్ కలిపి సెట్‌గా ఇస్తామంటున్నారు. మేం దాచుకున్న డబ్బులో సగం ముందు కట్టాలి, మిగతాది రెండేళ్ల వాయిదాలు. పైపుల కోసం అప్పేంటని నా భార్య అంటోంది. పనిముట్టు మంచిదైతే సంపాదన పెరుగుతుందని నేనంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు విషయంలో మీ భార్య మాట నిజం. పనిముట్టు విషయంలో మీ మాటా నిజమే. కార్పెట్‌లోకి వేడినీళ్లు కొట్టి, మురికితో సహా వెనక్కి లాగడమే ఈ పని. మెషిన్ ఎంత గట్టిదైనా, ఆ బలం కార్పెట్ దాకా చేరేది పైపు ద్వారా, వాండ్ ద్వారానే. అయినా ఈ సెట్ కొనవద్దనే చెబుతాను. ఖరీదు సంగతి తర్వాత, అసలు ఇది మీ మెషిన్ కోసం తయారైన సెట్ కాదు.

రెండంగుళాల పైపు లోపలి వైశాల్యం ఒకటిన్నర అంగుళాల పైపు కంటే దాదాపు 78 శాతం ఎక్కువ. వ్యాన్‌లో బిగించే పెద్ద ట్రక్‌మౌంట్ మెషిన్లు చాలా గాలిని లాగుతాయి కాబట్టి వాటికి అంత వెడల్పు కావాలి. పోర్టబుల్ మెషిన్ లాగే గాలి తక్కువ. అదే గాలి వెడల్పు పైపులో వెళ్తే వేగం పడిపోతుంది. నీటిని మోసుకొచ్చేది ఆ వేగమే. అది తగ్గితే నీళ్లు మధ్యలోనే పైపులో నిలబడిపోతాయి, ముఖ్యంగా మెట్ల దగ్గర. పొడవు కూడా అంతే, పెరిగే ప్రతి అడుగూ, ప్రతి వంపూ, ప్రతి జాయింటూ కొంత లాగుడును తినేస్తాయి. అసలు పోర్టబుల్ మెషిన్‌తో ఉన్న పెద్ద సుఖమే దాన్ని గది గుమ్మం దాకా తీసుకెళ్లగలగడం. అలాంటప్పుడు మెషిన్‌ను కింద వదిలేసి 100 అడుగుల పైపు లాగాల్సిన పనేముంది?

మీకు కావలసింది ఒకటిన్నర అంగుళాలదే ఇంకో 25 అడుగుల ముక్క. అవసరమైనప్పుడే కలుపుకోండి, లేనప్పుడు తీసి పక్కన పెట్టండి. ఒకటి చిరిగితే రెండోదానితో ఆ రోజు పని పూర్తవుతుంది. నీళ్లు వెళ్లే సన్న పైపు కూడా అంతే పొడవు కావాలి. అందులో మాత్రం పొదుపు చూడకండి. దాని మీద పీడనం, వేడి ఎంతవరకు తట్టుకుంటుందో ముద్రించి ఉంటుంది. 3000 పీఎస్ఐ (పీడనపు కొలత), 120 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకునేవి మామూలుగానే దొరుకుతాయి. మీ పంపు పీడనం అందులో చిన్న భాగమే, అయినా ఆ తేడా ఉండాల్సిందే. ఎవరి ఇంట్లోనో పైపు పగిలి వేడినీళ్లు చిమ్మితే జరిగే నష్టం ముందు మిగిలిన డబ్బు ఏ మూలకూ రాదు.

ఇక వాండ్. ఆరు జెట్లు అనగానే రెండు జెట్ల కంటే మూడింతలు మేలనిపిస్తుంది. చూడాల్సింది జెట్ల సంఖ్య కాదు, అన్నీ కలిపి ఎంత నీరు వదులుతాయన్నది. జెట్ మీద 11002 అని ఉంటే, నీరు 110 డిగ్రీల కోణంలో విచ్చుకుంటుందని, 40 పీఎస్ఐ దగ్గర నిమిషానికి 0.2 గ్యాలన్లు, అంటే ముప్పావు లీటరు వదులుతుందని అర్థం. అలాంటివి రెండుంటే లీటరున్నర. ఆరుంటే నాలుగున్నర లీటర్లు. పీడనం నాలుగింతలు చేసి 160కి తెస్తే ప్రవాహం రెండింతలై తొమ్మిది లీటర్లవుతుంది. అంత నీరు మీ పంపు ఇవ్వలేకపోతే పీడనం పడిపోయి, జెట్లు కొట్టడం మానేసి కారడం మొదలుపెడతాయి. పంపు ఇవ్వగలిగినా, అంత నీటిని మీ వాక్యూమ్ వెనక్కి లాగాలి కదా. ఆరు చిన్న జెట్లు వేసి మొత్తం సరిపెట్టిన వాండ్లు కూడా ఉన్నాయి, అవి నీటిని సమంగా పరుస్తాయి కూడా. కాబట్టి అమ్మేవారిని జెట్ నంబర్లు అడగండి, మీరే కూడుకోండి, మెషిన్ పుస్తకంలో పంపు సామర్థ్యంతో పోల్చుకోండి.

లాగలేకపోయిన నీరే ఈ వ్యాపారంలో చాప కింద నీరు. కార్పెట్ 24 గంటల్లోపే ఆరాలి, అంతకంటే ఎంత ముందు ఆరితే అంత మంచిది. తడి 24 నుంచి 48 గంటలు అలాగే ఉంటే బూజు మొదలయ్యే ప్రమాదం ఉంది. అడుగున మిగిలిన మురికి ఆరేటప్పుడు పైకి ఎక్కి, పోయిన మరక మళ్లీ కనబడుతుంది. కస్టమర్ ఫోన్ చేస్తారు. మీరు మళ్లీ వెళ్తారు. ఆ ట్రిప్పుకు రాబడి సున్నా, పైగా ఆ పూట ఇంకో పని పోయినట్టే. చిన్న వ్యాపారుల లెక్కలు చూసేటప్పుడు నేను మొదట అడిగేది ఇదే: నెలకు ఎన్నిసార్లు ఉచితంగా తిరిగి వెళ్లారు? చాలామంది రాసుకోరు. మీరు ఈ రోజు నుంచే రాయండి.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి. శుభ్రమైన నీళ్లు 20 లీటర్లు కొలిచి పోసి, మీ ఇప్పటి వాండ్‌తో ఒక కార్పెట్ మీద పని చేయండి. వ్యర్థ ట్యాంకులోకి ఎంత వచ్చిందో కొలవండి. 16 లీటర్లు వస్తే నాలుగు కార్పెట్‌లోనే ఉన్నాయి. తర్వాత మీకు చూపించిన వాండ్‌ను మీ మెషిన్‌కే తగిలించి, అలాంటి పొడి కార్పెట్ మీద, అంతే విస్తీర్ణంలో, అన్నే సార్లు లాగి చూడండి. షోరూమ్ మెషిన్ మీద చూసింది లెక్కలోకి రాదు. ట్రయల్‌కు ఒప్పుకోకపోతే ఆ వాండ్ సంగతి వదిలేయండి.

డబ్బు దగ్గరికి వద్దాం. పైపును ఆస్తిగా చూడకండి, అది అరిగిపోయే సరుకు. వాండ్ అలా కాదు. మంచి స్టీలు, టైటానియం వాండ్ వాల్వు కిట్లు, జెట్లు మార్చుకుంటూ ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈ రెండింటినీ ఒకే వాయిదాలో కట్టించడమే ఆ సెట్‌లో ఉన్న అసలు ఇబ్బంది. పైపు చిరిగిపోయాక కూడా దాని వాయిదా కడుతూ ఉండాల్సి రావచ్చు. పైపును పనికి ఇంత అని పక్కన పెట్టిన డబ్బుతోనే కొనాలి. ఉదాహరణకు నెలకు 40 పనులు, పైపు పది నెలలు వస్తుందనుకుంటే 400 పనులు. పైపు ధరను 400తో భాగించి, ప్రతి పని రాబడి నుంచి అంత తీసి వేరే ఖాతాలో వేయండి. పైపు ఎక్కువ కాలం వస్తే ఆ డబ్బు కారకుండా ఆపే ఓ రింగులకు, పైపులు కలిపే కప్లర్లకు పనికొస్తుంది.

దాచుకున్న డబ్బులో సగం మాత్రం ముట్టుకోవద్దు. ఆరు నెలల వ్యాపారం ఇంకా పసిబిడ్డ. ఇంటి ఖర్చులకు ఆరు నెలలకు సరిపడా, మెషిన్ మోటారు పోతే బాగుచేయించడానికి కొంత, ఇవి ముందు కేటాయించండి. ఆ తర్వాత మిగిలిందే పనిముట్ల డబ్బు. పని చేసేచోట జరిగే నష్టానికి బీమా లేకపోతే అదీ వాండ్ కంటే ముందే.

ఆ మిగిలిన దానితో మొదట మీ పాత వాండ్ పెదవికి, అంటే కార్పెట్‌కు ఆనే అంచుకు, సరిపోయే గ్లైడ్ కొనండి. ఇది పెదవికి తొడిగే నున్నటి ముక్క, వాండ్‌ను నెట్టే బరువును బాగా తగ్గిస్తుంది. కొత్త వాండ్‌తో పోలిస్తే దాని ఖర్చు చాలా చిన్నది. గట్టి నేలకు రాసుకుంటే అరుగుతుంది, అప్పుడు మార్చాలి. తర్వాత ఆ రెండో 25 అడుగుల ముక్క. వాండ్ చివర్లో.

టైటానియం మీద మీ ఆశను తీసిపారేయను. రోజంతా వాండ్ లాగేవాడికి తేలిక అంటే నడుము, భుజం. ఆ నడుమే మీ ఇంటి రాబడి. గ్లైడ్ వేశాక కూడా ఒంటినొప్పులు తగ్గకపోతే, లేదా మంచి వాండ్‌తో ఒక్కో పనిలో 20 నిమిషాలు మిగులుతున్నట్టు ట్రయల్‌లో తేలితే, కొనండి. రోజుకు రెండు పనులు, వారానికి ఆరు రోజులంటే అది వారానికి నాలుగు గంటలు. అయితే ఆ నాలుగు గంటల్లో చేయడానికి మీ దగ్గర కొత్త పనులు ఉన్నాయా అన్నది చూసుకోవాలి. లేకపోతే మిగిలేది సమయమే, డబ్బు కాదు.

వాడిన వాండ్ దొరికితే వాల్వు కారుతోందా, పెదవి వంగిందా చూసి తీసుకోవచ్చు. వాడిన పైపు వద్దు, సన్న రంధ్రాలు కంటికి కనబడవు. మీ పైపునూ నెలకోసారి పరీక్షించండి. మెషిన్ నడుస్తుండగా చివరను గట్టిగా మూసిపెట్టి, పొడవునా చెవి పెట్టి నడవండి. ఎక్కడైనా గాలి ఈల వినిపిస్తే అక్కడ కోసి, కొత్త కఫ్ (పైపు చివర బిగించే తొడుగు) వేయించండి.