పాఠకుల ప్రశ్నలు: సంధి పత్రం మీద సంతకం పడ్డాక

ప్రశ్న: ఆర్మేనియా, అజర్‌బైజాన్ 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందంపై సంతకాలు చేశాయని కొన్ని పత్రికలు, ఇంకా చేయలేదని కొన్ని రాశాయి. ఏది నిజం?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆగస్టు 8న అక్కడ రెండు కాగితాలు ఉన్నాయి. అందుకే ఈ గందరగోళం. ఆర్మేనియా ప్రధాని పషిన్యాన్, అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియెవ్ సంతకం చేసింది ఒక సంయుక్త ప్రకటన మీద. అసలు శాంతి ఒప్పందం మీద విదేశాంగ మంత్రులు పెట్టినవి పొడి సంతకాలు మాత్రమే. పదిహేడు అధికరణల పాఠం ఖరారైందని చెప్పడానికి అవి పనికొస్తాయి. ఒప్పందం అమల్లోకి రావాలంటే పూర్తి సంతకం, రెండు దేశాల్లో ఆమోదం, ఆమోద పత్రాల మార్పిడి జరగాలి.

చిక్కు ఆర్మేనియా రాజ్యాంగ పీఠికలో ఉంది. అది 1990 నాటి స్వాతంత్ర్య ప్రకటనను ప్రస్తావిస్తుంది. ఆ ప్రకటనేమో అజర్‌బైజాన్‌లో ఆర్మేనియన్లు ఎక్కువగా నివసించిన నగోర్నో–కరబాఖ్ ప్రాంతంతో కలయికను కోరిన 1989 తీర్మానాన్ని ఆధారం చేసుకుంది. ఆ ప్రస్తావన తొలగితే గానీ పూర్తి సంతకం పెట్టనని అజర్‌బైజాన్ పట్టుబట్టింది.

ప్రశ్న: పొరుగు దేశాల సరిహద్దు యుద్ధం చర్చలతో నిజంగా తెగిపోయిన సందర్భం ఉందా? బయటివాళ్లు తీర్పు చెబితే, నష్టపోయిన పక్షం ఎందుకు ఊరుకుంటుంది?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఉంది. పెరూ, ఈక్వెడార్ ఉదాహరణ చూడండి. 1941లో యుద్ధం చేసుకున్న ఈ దేశాలు 1942 జనవరి 29న రియో డి జనీరోలో ఒప్పందం రాసుకున్నాయి. అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, అమెరికా దానికి హామీ పడ్డాయి. సరిహద్దులో చాలా భాగం హద్దు రాళ్లు పాతారు. కాండోర్ పర్వతాల్లో సుమారు 78 కిలోమీటర్లు మాత్రం అలాగే మిగిలిపోయింది.

కారణం పటంలో ఉంది. సమోరా, సాంటియాగో నదుల మధ్య కొండగట్టు ఒకటే ఉందనుకుని, నీళ్లు అటూ ఇటూ చీలే ఆ గట్టునే సరిహద్దుగా ఒప్పందంలో రాశారు. తర్వాత విమానాల నుంచి ఫొటోలు తీసి పటం గీస్తే, ఆ రెండింటి నడుమ సెనెపా నది అనుకున్నదానికంటే చాలా పొడవుగా పారుతోందని తేలింది. అంటే గట్లు రెండు. ఇక ఈ ఒప్పందం అమలు కాదని ఈక్వెడార్, అవుతుందని పెరూ. దస్తావేజులో హద్దులు తప్పు పడితే పొలం గట్టు తగాదా ఎలా తరాలు నడుస్తుందో మనకు తెలుసు. ఇక్కడ 1981లో ఒకసారి, 1995లో మరోసారి యుద్ధం దాకా వెళ్లింది.

1995 ఫిబ్రవరి 17న బ్రెజిల్‌లో కుదిరిన ఇటమరాతీ ప్రకటన భూమి ఎవరిదన్న జోలికి వెళ్లలేదు. కాల్పులు ఆపడం, బలగాలను ఎడం చేయడం, హామీదారు దేశాల సైనిక పరిశీలకులను దింపడం మొదటి పని. 1996 మార్చిలో ఇరుపక్షాలూ తమ అభ్యంతరాల జాబితాలను రాతపూర్వకంగా మార్చుకున్నాయి. తగాదా ఎంతవరకో కాగితం మీదికి వచ్చింది కాబట్టి, మా దృష్టిలో ఈ ప్రక్రియకు ఇదే మలుపు.

1998 జనవరిలో నాలుగు విషయాలకు నాలుగు సంఘాలు వేశారు: వాణిజ్యం–నౌకాయానం, సరిహద్దు ప్రాంతాల అభివృద్ధి, సైన్యాల మధ్య నమ్మకం పెంచే చర్యలు, హద్దు గుర్తింపు. మొదటి మూడూ ఒక కొలిక్కి వచ్చాయి, హద్దు దగ్గర ఆగిపోయింది. అప్పుడు పెరూ అధ్యక్షుడు ఫుజిమోరి, ఈక్వెడార్ అధ్యక్షుడు మహువాద్ హామీదారులనే తేల్చమన్నారు. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నిర్ణయం ఏదైనా కట్టుబడతామని రెండు దేశాల పార్లమెంటులూ ముందే ఆమోదించాలని హామీదారులు షరతు పెట్టారు. తీర్పు ఏమిటో తెలియకముందే ఆ ఆమోదం వచ్చింది. తెలిశాక ఓటింగు పెట్టి ఉంటే ఏదో ఒక సభలో అది వీగిపోయేదే.

హద్దు గీత చాలావరకు పెరూ వాదన ప్రకారమే పడింది. అయితే 1995లో ఈక్వెడార్ సైనికులు పోరాడి నిలుపుకున్న టివింజాలో ఒక చదరపు కిలోమీటరు ఈక్వెడార్‌కు ఇచ్చారు, అదీ ప్రైవేటు ఆస్తిగా. సార్వభౌమాధికారం పెరూదే, చట్టాలూ పెరూవే. సరిహద్దుకు రెండు వైపులా ప్రకృతి రక్షిత పార్కులు, అమెజాన్ నదుల్లో ఈక్వెడార్‌కు నౌకాయాన హక్కు కూడా ఆ మూటలోనే వచ్చాయి. 1998 అక్టోబర్ 26న బ్రసీలియాలో సంతకాలయ్యాయి. గెలిచిందనుకున్న పెరూలోనే ఈ ఒప్పందం మీద ఇకిటోస్ నగరం భగ్గుమని, ప్రాణాలు కూడా పోయాయి. చివరి హద్దు రాయి 1999 మేలో పాతారు. అడవిలోని మందుపాతరల ఏరివేత ఆ తర్వాత చాలా ఏళ్లు సాగింది.

ప్రశ్న: భారత్–బంగ్లాదేశ్ భూసరిహద్దు ఒప్పందం 1974లో కుదిరితే 2015 దాకా ఎందుకు ఆగింది?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మన రాజ్యాంగం వల్ల, రాజకీయాల వల్ల కూడా. ఒకరి భూభాగం మధ్య చిక్కుకున్న మరొకరి భూమి ముక్కలను ఇచ్చిపుచ్చుకోవడం ఈ ఒప్పందంలో ఉంది. వివాదంలో ఉన్న హద్దు ఎక్కడుందో తేల్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. మన భూమిని మరో దేశానికి ఇవ్వాలంటే మాత్రం సవరణ తప్పనిసరి అని పశ్చిమ బెంగాల్‌లోని బేరుబాడీలో కొంత భాగాన్ని పాకిస్థాన్‌కు ఇచ్చే వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. బంగ్లాదేశ్ 1974లోనే తన ఆమోదం పూర్తిచేసుకుంది. మన వైపు మాత్రం అస్సాం, పశ్చిమ బెంగాల్ అభ్యంతరాల మధ్య బిల్లు కదల్లేదు. 2011లో అనుబంధ ఒప్పందం రాసుకున్నాక, 2015 మేలో పార్లమెంటు నూరో సవరణను ఆమోదించింది.

బంగ్లాదేశ్ భూభాగం మధ్య చిక్కుకున్న మన ముక్కలు 111, విస్తీర్ణం 17,160 ఎకరాలు. మన భూభాగం మధ్య వాళ్లవి 51, విస్తీర్ణం 7,110 ఎకరాలు. లెక్కలో మనకు తగ్గిన భూమికి పరిహారం అడగకూడదని 1974 ఒప్పందంలోనే ఉంది. 2015 జూలై 31 అర్ధరాత్రి ఇవి చేతులు మారాయి. ఏ దేశ పౌరసత్వం కావాలో ఎంచుకునే హక్కు నివాసులకు ఇచ్చారు. మన వైపు చేరిన ముక్కల్లోని 14 వేల పైచిలుకు మందిలో ఒక్కరూ బంగ్లాదేశ్ వెళ్తామనలేదు. అటువైపు 37 వేల మందికి పైగా ఉంటే, భారత్‌కు వచ్చినవారు వెయ్యి లోపే. వారిని కూచ్‌బెహార్ జిల్లాలో తాత్కాలిక శిబిరాల్లో ఉంచారు.